పియానో పై మెట్లు

1964 వానాకాలంలో ఒక మధ్యాహ్నం, భిలాయిలోని రష్యన్ ఇంజనీర్ల క్లబ్బులో జ్ఞానప్రసూన సాధన చేసుకుంటోంది. కుడిచెయ్యి పరుగెత్తుకుంటూ పియానో చివరిదాకా వెళ్ళింది. అక్కడ ఆఖరి ఐదారు మెట్లూ పలకలేదు. గోరుతో బల్ల మీద కొట్టినట్టు టకటకమన్న చప్పుడు తప్ప స్వరం లేదు. చెమ్మకి తీగలు పాడైపోయాయనుకుని క్లబ్బు సెక్రటరీతో చెప్పింది.

దసరా వెళ్ళాక కలకత్తా నుంచి శృతి చేసేవాడు వచ్చాడు. రెండు గంటలు కూర్చుని ఒక్కొక్క తీగే సరిచూసి, చివరికి ఆ పై మెట్లే వాయించి చూపించాడు.

"వీటికేం కాలేదు మేమ్‌సాబ్. గంటల్లా మోగుతున్నాయి, వినండి" అన్నాడు హిందీలో.

ఆమె అతని వేళ్ళవైపు చూసింది. వేళ్ళు ఆడుతున్నాయి. టకటకలే వినిపిస్తున్నాయి.

"అవును, బాగున్నాయి" అంది. అబద్ధం అంత సులువుగా నోటికి వస్తుందని ఆమె అనుకోలేదు.

అప్పటికి ఆమెకి ముప్పై ఎనిమిదేళ్ళు. పుట్టింది భీమిలిలో. మిషన్ బడిలో దొరసాని దగ్గర ఏడో ఏట పియానో మొదలుపెట్టి, పెళ్ళినాటికి పెద్ద పరీక్షలన్నీ ప్యాసయింది. భర్త నూకరాజు గూడ్సు బండి గార్డు. 1957లో అతనికి బదిలీ అయి భిలాయి పక్కనున్న చరోదా రైల్వే కాలనీకి వచ్చినప్పుడు, చర్చిలోని హార్మోనియం తప్ప ఆమె చేతులకి మరేమీ దొరకలేదు. రెండేళ్ళ తర్వాత, వేరా అనే రష్యన్ ఇంజనీరు భార్య తన పాటకి పియానో వాయించేవాళ్ళ కోసం వెతుకుతూ చర్చికి వచ్చి ఆమె హార్మోనియం వింది. ఆ వారమే క్లబ్బుకి తీసుకెళ్ళింది. నాలుగేళ్ళు ఇద్దరూ కలిసి భిలాయిలో, దుర్గులో, ఒకసారి నాగపూర్లో కచేరీలు చేశారు. వేరా తన దేశానికి వెళ్ళిపోయాక కూడా సెక్రటరీ ఆ పియానోని జ్ఞానప్రసూనకే వదిలాడు. పాడేవాళ్ళు, క్లారినెట్టు వాయించేవాళ్ళు, ఎవరు వచ్చినా పక్కన ఆమే ఉండాలి. చెవి సరిగా లేదని తెలిస్తే ఆ పియానో ముందు రేపు ఇంకొకరు కూర్చుంటారు. ఆమె భయమంతా అదే.

పియానోదే లోపమేమోనన్న ఆశ ఇంకా ఏ మూలో ఉండేది. నవంబరులో ఒక ఉదయం అదీ పోయింది. నూకరాజు క్యారియరు మరిచిపోతే ఆమె యార్డుకి పట్టుకెళ్ళింది. బండి కదలబోతోంది. ఆఖరి డబ్బాలో నిలబడి అతను పచ్చజెండా చాపాడు, విజిలు నోట్లో పెట్టుకున్నాడు. బుగ్గలు ఉబ్బాయి. ఇంజను రొద వినిపించింది. బఫర్లు ఒకదాన్నొకటి తోసుకున్న చప్పుడు వినిపించింది. విజిలు మాత్రం వినిపించలేదు. పక్కనున్న పోర్టరు చెవి మూసుకున్నాడు. ఆమె క్యారియరు గుండెకి హత్తుకుని అక్కడే నిలబడిపోయింది. అతనికి అన్నం అందనేలేదు.

ఆ రోజుల్లోనే నరసింగరావు పరిచయమయ్యాడు. విజయనగరంలో వయొలిన్ నేర్చుకుని, ఉక్కు కర్మాగారం రోలింగ్ మిల్లులో ఫిట్టరుగా చేరినవాడు. శంకరాభరణంలో స్వరాలు వరసగా పియానో మీద దొరుకుతాయి కాబట్టి, ఇద్దరూ కలిసి దాంట్లో ఒక రచన చేద్దామని అతనే అడిగాడు.

"మీ మెట్టు గోడలో మేకులాటిదండి అమ్మగారూ. కదల్దు. నా వేలేమో జారాల" అన్నాడు.

"అయితే మీరు జారండి నరసింగరావుగారూ, నేను నిలబడతాను" అంది ఆమె నవ్వుతూ.

ఆ పని నిజంగానే బాగా కుదిరింది. అతను రాగం తిప్పుతూ ఉంటే ఆమె కింద పొరలు పొరలుగా స్వరాలు పరిచేది. కాని అతని వేలు వయొలిన్ తీగ చివరికి జారినప్పుడల్లా ఆమెకి ప్రాణం మీదికి వచ్చేది. శబ్దం సన్నబడి, దారంలా తెగి, ఎక్కడ ఆగిందో తెలిసేది కాదు. ఓరగా అతని మోచెయ్యి చూసి లెక్క కట్టుకునేది. ఒకసారి తప్పితే ఎక్కాలు మరిచిన పిల్లలా చెమటలు పట్టేవి. అతను మాత్రం, "ఇంకోపాలి కానీండి" అనేవాడు.

1965 మార్చిలో రాయపూర్ నుంచి రేడియో వాళ్ళు టేపు యంత్రం తీసుకుని క్లబ్బుకే వచ్చారు. చప్పుడు రాకూడదని ఫ్యాన్లు ఆపేశారు, కిటికీలు మూసేశారు. ప్రొడ్యూసరు శ్యామసుందర్ మైకులు సర్ది, నరసింగరావుని పియానో వెనక తివాచీ మీద కూర్చోబెట్టాడు. అక్కణ్ణుంచి అతని కమాను ఆమెకి కనిపించదు. చోటు మార్చమని అడగాలంటే కారణం చెప్పాలి. ఆమె అడగలేదు.

మొదటిసారి ఆరు నిమిషాలు సాగింది. నరసింగరావు తీగ చివరన పైషడ్జం మీద నిలబడి, దాన్ని సన్నగా, ఇంకా సన్నగా చేస్తున్నాడు. ఆమెకి ఆ స్వరం ఎప్పుడో ఆగిపోయింది. ముగిసిందనుకుని రెండు చేతులా బలంగా అందుకుంది. శ్యామసుందర్ చెయ్యెత్తాడు.

"క్యా హువా, దీదీ? ఆయన స్వరం ఇంకా ఉందిగా!"

రెండోసారి ఆ తప్పు చెయ్యకూడదని ఆగింది. మరీ ఎక్కువసేపు ఆగింది. గదిలో నిశ్శబ్దం టేపు మీద తిరుగుతోంది. తన చేతులు ఎప్పుడు దిగాలో తనకే తెలియలేదు. చివరికి మెట్ల మీద నుంచి చేతులు తీసి ఒళ్ళో పెట్టుకుంది.

నరసింగరావు వయొలిన్ పక్కన పెట్టి లేచి వచ్చాడు. "ఏటండీ అమ్మగారూ, ఒంట్లో బాలేదేటి?"

ఆమె శ్యామసుందర్ వైపు చూసింది. యంత్రం వైపు చూసింది.

"మీరు పైకి వెళ్తే నాకు వినిపించదు" అంది. "ఎనిమిది నెలలైంది. ఎవరికీ చెప్పలేదు."

అతను కోపంగానే అన్నాడు: "నాతో చెప్పడానికేటండీ? మా మిల్లులో సగం మందికి చెవులు పనిచెయ్యవు. కింద మనిషి చెయ్యి చూపిస్తే పైన క్రేను వాడు పది టన్నులు దించుతాడు. ఒక్కడి కాలైనా నలిగిందా? ఆ పాటి పని మనం చెయ్యలేమేటి?"

తివాచీ లాగి పియానో కుడిపక్కకి తెచ్చాడు. కింద కూర్చుంటే చెయ్యి సరిగా కనిపించదని ఒక బల్ల తెప్పించి దాని మీద ఎక్కి కూర్చున్నాడు. కమాను పూర్తిగా ఆగాక మణికట్టు ఒకసారి కిందికి వాలుస్తానని చెప్పాడు. శ్యామసుందర్ మైకులన్నీ మళ్ళీ మార్చాల్సి వచ్చింది. విసుక్కోకుండా మార్చాడు.

మూడోసారి ఆమె తన మెట్లవైపు ఒక్కసారి కూడా చూడలేదు. అతని చేతిమీదే కళ్ళు పెట్టింది. వేలు తీగ కొస చేరింది. ఆమెకి నిశ్శబ్దం. కమాను ఇంకా నడుస్తోంది. మణికట్టు వాలింది. ఆమె వేళ్ళు దిగాయి. శ్యామసుందర్ ఈసారి చెయ్యెత్తలేదు.

జూన్లో అది రేడియోలో వచ్చింది. చరోదా క్వార్టర్లో భార్యాభర్తలిద్దరూ కూర్చుని విన్నారు. వయొలిన్ పైకి వెళ్ళిన ప్రతిసారీ ఆమె నూకరాజు ముఖం చూస్తోంది. అతను గమనించి, "ఏటే, నన్ను చూస్తన్నావు?" అన్నాడు. అప్పుడు చెప్పింది, యార్డులో విజిలు సంగతితో సహా.

"మరి నా మాట?" అన్నాడు అతను.

"మీ గొంతెప్పుడూ కింది సప్తకమే కదండీ. బాగా వినిపిస్తుంది" అంది. అతను నవ్వబోయి నవ్వలేక, రేడియో కట్టేసి, మర్నాడే సెలవు పెట్టి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు. పోయిన చెవి తిరిగి రాదని, మిగిలింది ఎన్నాళ్ళుంటుందో చెప్పలేనని డాక్టరు అన్నాడు.

ఆ తర్వాత కొత్తగా ఎవరు కలిసి వాయించడానికి వచ్చినా మొదటిరోజే ఆమె చెప్పేసేది. జబల్పూర్ వేణువు విద్వాంసుడొకాయన వినగానే మర్యాదగా లేచి వెళ్ళిపోయాడు. ఆమె రెండు రోజులు క్లబ్బుకి రాలేదు. సంగతి తెలిసినా సెక్రటరీ మాత్రం పియానో తాళం ఆమె దగ్గరే ఉంచాడు. ఎత్తుగా ఉన్న రచనలు ఒక సప్తకం దించి రాసుకుంది. నరసింగరావుతో ఇంకో నాలుగు రికార్డింగులు చేసింది. స్కూలు పిల్లల బృందగానానికి, ఒక బెంగాలీ గాయకుడికి పక్కన వాయించింది.

1970 ఫిబ్రవరిలో ఇంకో రెండు మెట్లు పోయాయి. మూడు రోజులు ఎవరితోనూ అనకుండా ఆ రెండిటినే కొట్టి కొట్టి చూసుకుంది. నాలుగో రోజు నరసింగరావు రాగానే చెప్పింది.

"ఏ మెట్టు దాకా ఉంది?" అని అడిగాడు.

వేలు పెట్టి చూపించింది. అతను నోటు పుస్తకం తీసి, పన్నెండో తారీఖు రికార్డింగుకి రాసుకున్న పేజీ తెరిచాడు. ఆ మెట్టుకి పైన తను వాయించే స్వరాలన్నీ పెన్సిలుతో చుట్టాడు.

"తొమ్మిది చోట్ల చెయ్యి చూపించాలండి. మొదటిదాన్నుంచి రండి" అన్నాడు.