లిఫ్టాయన ఎవరివాడు

ఆ తొమ్మిదంతస్తుల భవనానికి ఉన్నది ఒకటే లిఫ్టు. దాని మంచీ చెడ్డా చూసే మెకానిక్కుని అందరూ లిఫ్టాయన అనేవారు. ఆయనకి సొంత పేరొకటి ఉందన్న సంగతి భార్యకి తప్ప ఎవరికీ గుర్తు లేదు. ఆవిడ కూడా ‘ఏమండీ’ అనే పిలిచేది కాబట్టి ఆ పేరు వాడకం లేక కొత్తదిగానే ఉండిపోయింది.

ముప్ఫై ఏళ్ళుగా అదే పని. కుడిచేతి చూపుడువేలి కొస ఏదో లిఫ్టు కప్పీలో ఏనాడో పోయింది. మాట తక్కువ. దేవుడి విషయంలోనైతే అసలు మాటే లేదు. చిన్నప్పుడు వాళ్ళమ్మ చెయ్యి పట్టుకుని ప్రార్థన మందిరానికి తీసుకెళ్ళేది. పనిలో చేరాక సెలవు రోజులు పోయాయి, ఎందుకంటే ఆఫీసుల లిఫ్టులు బాగుచెయ్యడానికి సెలవు రోజే వీలు. వాటితో పాటే దేవుడూ దూరమయ్యాడు. కోపతాపాలేమీ లేవు. ఊరు మారిన స్నేహితులు ఉత్తరాలు తగ్గించినట్టు ఇద్దరూ మెల్లిగా మానుకున్నారు.

భార్యకి మాత్రం నమ్మకం గట్టిది. “ఒక్కసారి వచ్చి కూర్చుంటే మీ సొమ్మేం పోతుందండీ?” అని వారానికోసారి అడిగేది.

“కూర్చుంటే నిద్రొస్తుందే” అనేవాడు. అది అబద్ధం కాదు.

ఆ భవనంలో ఇద్దరు పెద్దమనుషులుండేవారు. నాలుగో అంతస్తులో రిటైరైన హెడ్మాస్టరు గారు, ప్రార్థన సమాజానికి కార్యదర్శి. ఏడో అంతస్తులో రిటైరైన ప్రొఫెసరు గారు, హేతువాద సంఘానికి అధ్యక్షులు. దేవుడు లేనిదే మనిషికి మంచితనం అబ్బదని ఒకరు, దేవుణ్ణి వదలనిదే అబ్బదని ఇంకొకరు పాతికేళ్ళుగా నిరూపిస్తున్నారు. ఆ నిరూపణలో తలమునకలుగా ఉండటం వల్ల మంచిపని చెయ్యడానికి ఇద్దరికీ తీరిక చిక్కేది కాదు. హెడ్మాస్టరు గారు యాభై దాటిన లిఫ్టాయనని “ఒరే అబ్బాయ్” అనేవారు. ప్రొఫెసరు గారు మనుషులంతా సమానమన్న సూత్రం ప్రకారం “మీరు” అనేవారు. అంటూనే తన సంచీ ఆయన చేతికిచ్చేవారు.

ఒకరోజు భవనం పైన, యంత్రం ఉన్న గదిలో, లిఫ్టుని మోసే ఉక్కు తాళ్ళు తుడుస్తుంటే లిఫ్టాయన చేతిగుడ్డ అక్కడక్కడా చిక్కుకుంది. చూస్తే తాడులో సన్నటి తీగలు తెగి పైకి లేచాయి. తాళ్ళు మార్చాలని, దాంతోపాటు తలుపు లాకు కూడా అరిగిందని భవనం కమిటీకి రాసిచ్చాడు. కమిటీలో ఆ పెద్దమనుషులిద్దరూ ఉన్నారు. ఆ నెల సమావేశంలో మొదటి విషయం, లిఫ్టులో దేవుడి పటం పెట్టవచ్చా కూడదా అని. మూడు గంటలు నడిచింది. తాళ్ళ సంగతి వచ్చే నెలకి వాయిదా పడింది. వచ్చే నెల, పటం కోసం హెడ్మాస్టరు గారు ముందే కొట్టేసిన మేకుని పీకాలా ఉంచాలా అన్నది తేలలేదు.

ఆ తర్వాత వారం లిఫ్టాయన మళ్ళీ తీగలు లెక్కపెట్టాడు. లిఫ్టు ఆపేసి, గదికి తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకున్నాడు.

భవనం అట్టుడికిపోయింది. “ఇన్నాళ్ళూ తెగని తాడు ఇప్పుడే తెగుతుందట్రా? పైవాడు చూసుకోడూ?” అన్నారు హెడ్మాస్టరు గారు. “గణితం ప్రకారం చూస్తే ప్రమాదం చాలా స్వల్పమండీ” అన్నారు ప్రొఫెసరు గారు. ఆ ఒక్క విషయంలో ఇద్దరూ ఏకమయ్యారు.

“అవును సార్” అన్నాడు లిఫ్టాయన, చెయ్యి జేబులోంచి తియ్యకుండానే.

గత్యంతరం లేక కమిటీ ఒప్పుకుంది. కొత్త తాళ్ళు రావడానికి పదకొండు రోజులు పడుతుందన్నారు. అప్పుడు గుర్తొచ్చింది ఆయనకి, తొమ్మిదో అంతస్తులో ఉన్న టెలిఫోనమ్మ. ఒకప్పుడు టెలిఫోన్ ఆఫీసులో పనిచేసిన ఒంటరి మనిషి. కిడ్నీలు పాడై వారానికి మూడుసార్లు ఆసుపత్రికి వెళ్ళి రక్తం శుభ్రం చేయించుకోవాలి. నాలుగు మెట్లు దిగలేదు. ఆయన ఆయాసపడుతూ తొమ్మిదంతస్తులూ ఎక్కాడు.

“అమ్మా, లిఫ్టు ఆపేశాను.”

“విన్నాను. ఆపకపోతే ఏమయ్యేది?”

“ఎవరో ఎక్కినప్పుడు తెగేది.”

“నేనెక్కినప్పుడు తెగితే నీకూ నాకూ ఈ బెడద తప్పేది.” ఆవిడ నోరే అంత.

“మళ్ళీ ఆసుపత్రికి ఎప్పుడమ్మా?”

“రేప్పొద్దున ఏడింటికి. ఏం, మోస్తావా?”

“మోస్తాను.”

చేతులున్న చెక్కకుర్చీకి బెల్టు కట్టాడు. ముందువైపు వాచ్‌మన్, వెనక లిఫ్టాయన. మొత్తం నూట అరవై రెండు మెట్లు. వాచ్‌మన్ మలుపు మలుపుకీ దేవుణ్ణి తలుచుకునేవాడు. లిఫ్టాయన పెదాలు కదపకుండా మెట్లు లెక్కపెట్టేవాడు. “ఒకడిది జపం, ఒకడిది లెక్క. ఎవడు తడబడినా పడేది మాత్రం నేనే” అంది టెలిఫోనమ్మ.

అయిదుసార్లు దించారు, అయిదుసార్లు ఎక్కించారు. దారిలో ఒకసారి హెడ్మాస్టరు గారు ఎదురై, గోడకి అతుక్కుని నిలబడి ఆశీర్వదించారు. ఇంకోసారి ప్రొఫెసరు గారు ఎదురై, అదే గోడకి అతుక్కుని, బరువు ఎటు వాల్చాలో వివరించారు. మూడో రోజుకి లిఫ్టాయన నడుము పట్టేసింది. భార్య మందు రాసింది. ఆ వారం ప్రార్థనకి రమ్మని అడగలేదు.

ఆరో అంతస్తు మలుపులో కుర్చీ దించి ఊపిరి తీసుకుంటుంటే టెలిఫోనమ్మ అడిగింది. “ఎందుకురా ఇదంతా? నేనేమన్నా నీ మేనత్తనా?”

ఆయన కుర్చీ బెల్టు బిగించాడు. “తాళం వేసింది నేనే కదమ్మా. మొదట రాసిచ్చినప్పుడే గట్టిగా అరవాల్సింది. అరవలేదు.”

కొత్త తాళ్ళు వచ్చాయి. లిఫ్టు కదిలింది. లాకు మార్చడం మాత్రం అనవసరమని కమిటీ కొట్టేసింది. మళ్ళీ రాసిస్తే మళ్ళీ కొట్టేసింది. ఈలోగా కుర్చీ మోసిన సంగతి వీధంతా పాకింది. ఒక సాయంత్రం హెడ్మాస్టరు గారు లిఫ్టాయన ఇంటికొచ్చారు.

“ఒరే అబ్బాయ్, నీ చేత ఈ పని చేయించిందెవరో తెలుసా?”

“డాక్టరు గారండీ. వారానికి మూడుసార్లు తప్పకుండా రమ్మన్నారట.”

హెడ్మాస్టరు గారు జాలిగా నవ్వి, ప్రార్థన సమాజం సభ్యత్వ కాగితం ఒకటి బల్ల మీద పెట్టి వెళ్ళారు. మర్నాడు ప్రొఫెసరు గారొచ్చారు.

“మీకు దేవుడంటే నమ్మకం లేదు కదూ?”

“ఏమో సార్. ఎవరూ అడగలేదు, నేనూ చూసుకోలేదు.”

“చాలు, అదే హేతువాదం” అని ఆయన ఇంకో కాగితం పెట్టారు.

వాచ్‌మన్ కూడా మోశాడని లిఫ్టాయన ఇద్దరికీ చెప్పాడు. “వాడు భక్తుడేలేరా, వాడు మొయ్యడంలో వింతేముంది?” అన్నారు హెడ్మాస్టరు గారు. “అతను భక్తితో మోశాడు కాబట్టి మా లెక్కలోకి రాడు” అన్నారు ప్రొఫెసరు గారు. తగువు పెట్టుకోడానికి పనికిరాని మనిషి కాబట్టి వాచ్‌మన్‌ని ఇద్దరూ వదిలేశారు.

రెండు సంఘాలూ ఆయనకి సన్మానం తలపెట్టాయి, రెండూ ఒకే సాయంత్రం అయిదింటికి. ప్రార్థన సమాజం వారిది కింద హాల్లో, హేతువాద సంఘం వారిది పైన డాబా మీద. అయిదుకి పది నిమిషాల ముందు పెద్దమనుషులిద్దరూ చెరో జ్ఞాపికా చంకన పెట్టుకుని ఒకే లిఫ్టెక్కారు. నువ్వు దిగంటే నువ్వు దిగంటూ తోసుకున్నారు. తోపులాటలో తలుపు మీద పడ్డారు. అరిగిపోయిన లాకు కాస్త సడలింది. లాకు సరిగ్గా పడకపోతే కదలదు కాబట్టి లిఫ్టు అయిదో అంతస్తుకీ ఆరో అంతస్తుకీ మధ్య ఆగిపోయింది.

ఇస్త్రీ చొక్కాలో ఉన్న లిఫ్టాయన పైకి పరుగెత్తాడు. యంత్రం గదిలో చక్రం చేత్తో ముప్పావుగంట తిప్పి లిఫ్టుని ఆరో అంతస్తుకి తెచ్చి, తలుపు దగ్గరికి దిగాడు. లోపల వాదన సాగుతూనే ఉంది.

“మీలాంటివాళ్ళ పాపం వల్లేనండీ ఇది.”

“మీ బరువు వల్ల.”

“సార్, తలుపుకి ఆనుకోకండి” అన్నాడు లిఫ్టాయన.

తాళంచెవి పెట్టి తిప్పాడు. తిరిగింది. తలుపు లాగబోయిన చెయ్యి ఆగింది. జేబులో వారాలుగా నలుగుతున్న కాగితం తీసి తలుపు సందులోంచి లోపలికి తోశాడు.

“ఏమిట్రా ఇది?”

“లాకు మార్చాలని రాసిచ్చిందండీ. రెండుసార్లు కొట్టేశారు.”

“ముందు తలుపు తియ్యవయ్యా బాబూ” అన్నారు ప్రొఫెసరు గారు, సూత్రం మరిచిపోయి.

“తీస్తున్నాను సార్. పాత లాకు కదా, కాస్త మొరాయిస్తోంది.”

రెండు నిమిషాలకి కాగితం బయటికొచ్చింది. పాతికేళ్ళలో మొదటిసారి ఇద్దరి సంతకాలూ ఒకే పేజీ మీద, ఒకే పెన్నుతో. వెంటనే తలుపు తెరుచుకుంది. అప్పటికి కిందా పైనా వచ్చినవాళ్ళు టీలు తాగి వెళ్ళిపోయారు.

ఆ ఏడాది రెండు సంఘాల నివేదికల్లోనూ లిఫ్టాయన గురించి రాశారు. ఒకదాంట్లో దైవప్రేరణ, ఇంకోదాంట్లో స్వచ్ఛమైన మానవత్వం. ఫొటో మాత్రం ఒకటే. దాంట్లో వాచ్‌మన్‌ని కత్తిరించేశారు. కుర్చీ కోడు పట్టుకున్న అతని చెయ్యి ఒక్కటీ మిగిలింది.

సన్మానం జరగని ఆ సాయంత్రమే ఆయన భార్యతో చెప్పాడు. “తాళం ముందే తిరిగింది. ఊరికే నిలబెట్టాను, రెండు నిమిషాలు.”

“అబద్ధమాడారన్నమాట.”

“ఆడాను.”

“పెద్దవాళ్ళు కదండీ. కంగారులో ఎవరి గుండైనా ఆగితే?”

అది ఆయనకి తట్టలేదు. అన్నం సయించలేదు. మర్నాడు పొద్దున్నే వెళ్ళి ఇద్దరికీ ఉన్నదున్నట్టు చెప్పి, తప్పయిందన్నాడు. హెడ్మాస్టరు గారు ఒప్పుకోలేదు. “నువ్వెవడివిరా ఆపడానికి? ఆ నాస్తికుడికి దేవుడు చెప్పిన బుద్ధి అది.” ప్రొఫెసరు గారూ ఒప్పుకోలేదు. “లోహం అరిగితే అలాగే మొరాయిస్తుందండీ. మీకు తెలీదు.” మంచిపని ఎవరి ఖాతాదో తేలక కొట్టుకున్నవాళ్ళు, ఆ చిన్న తప్పుని కూడా ఆయన ఖాతాలో ఉండనివ్వలేదు.

నాలుగు రోజుల్లో కొత్త లాకు పడింది. ఆ మర్నాడు పొద్దున ఏడింటికి టెలిఫోనమ్మని చక్రాల కుర్చీలో తీసుకొస్తూ ఆవిడకీ చెప్పాడు. ఆవిడ దగ్గొచ్చేదాకా నవ్వింది.

“రెండు నిమిషాలేం సరిపోతాయిరా? అయిదు ఉంచాల్సింది.”

“లేదమ్మా. రెండే ఎక్కువ” అని ఆయన కుర్చీని మెల్లిగా లిఫ్టులోకి తోశాడు.