కైలాసంలో మోదుగుచెట్టు

మా నాటకం కంపెనీలో తెరలు గీసే మొగిలికి ఒకటే పిచ్చి: ఏ తెర గీసినా నడిమధ్యన ఎర్రగా పూసిన మోదుగుచెట్టు ఉండాల్సిందే. అయోధ్యలో ఉండేది. శ్మశానంలో ఉండేది. సముద్రాన్నీ వదల్లేదు.

"సముద్రంల చెట్టేందిరా?" అని మేనేజరు కిషన్ రావు అరిచాడు.

"వరదకు కొట్కచ్చింది సార్."

"మరి లంకల?"

"ఆంజనేయులు దుంకినప్పుడు గింజ జారిపడ్డది."

ములుగు అడవిలో పుట్టినవాడు కదా, ఇంటిమీద బెంగ అనుకునేవాళ్లం.

నేను ప్రాంప్టరును. నా చదువుకు వరంగల్‌లో దొరికిన గౌరవం అదే, ఇంకొకడు మరిచిపోయిన మాటలు చాటునుంచి అందించడం. పోయిన శతాబ్దంలో ఇంగ్లండు నాటకాలవాళ్లు తెరమీది అడవిని నిజం అడవే అని భ్రమపెట్టేవారని, చిత్తుకాగితాల్లో దొరికిన ఒక పుస్తకంలో చదివి మొగిలికి చెప్పాను.

"ఆ అడివిల మోదుగులున్నయా తమ్మీ?"

"లేవన్నా."

"అయితే అదేం అడివి!"

ఖిలా వరంగల్‌లో ఆటకు జిల్లా అధికారి తాలూక్‌దారు వస్తున్నాడని తెలిసి, కిషన్ రావు కైలాసం తెరమీది మోదుగుకు స్వయంగా సున్నం కొట్టాడు. మొగిలి ముఖం ఆ తెరకన్నా తెల్లబడింది.

"సార్, ఒక్క కొమ్మన్న ఉంచుండ్రి!"

"మంచుల పూలేందిరా? నడువ్!"

తెర లేచింది. శివుడి వేషంలో రామలింగం వచ్చాడు. మా రాజులూ దేవుళ్లూ అందరూ ఆయనే. తిన్నగా పోయి పందిరి గుంజ ముందు నిలబడి, "పార్వతీ, ఏల ఈ మౌనము?" అన్నాడు. పార్వతి ఎప్పటిలాగే నడిమధ్యన ఉంది. జనం గొల్లుమన్నారు.

"ఎడమకు! ఎడమకు!" అని అందించాను.

"ఎడమకు! ఎడమకు!" అని శివుడు గంభీరంగా గుంజకు చెప్పాడు.

అంతలో మొగిలి ఎర్రరంగు డబ్బాతో స్టేజీ మీదికి ఉరికి, అదంతా కైలాసం నడిమధ్యన కుమ్మరించాడు. రామలింగం గిర్రున తిరిగి, ఆ ఎరుపు దగ్గరికి నడిచి, సరిగ్గా పార్వతి చేయి పట్టుకున్నాడు.

"శివయ్య మంచుల పూలు పూయించిండు!" అని ఎవరో కేక వేశారు. చప్పట్లు. తాలూక్‌దారు కూడా కొట్టాడు.

తెర పడగానే కిషన్ రావు కోపంతో ఊగిపోతూ వచ్చాడు. అడుగుల చప్పుడు విని రామలింగం చేతులు జోడించి, "తప్పయింది మేనేజరు సాబ్" అని కిరీటాల పెట్టెకు దండం పెట్టాడు.

కిషన్ రావు ఆ పెట్టెనూ, ఆయన్నూ మార్చి మార్చి చూశాడు.

"పెద్దాయినకు కండ్లు మసకబట్టినయి సార్" అన్నాడు మొగిలి మెల్లగా. "ఎరుపొక్కటే ఆనుతది. చెట్టును చూస్కొనే నిలవడ్తడు. ఎర్కైతే వేషం పోతదని చెప్పలే."

కిషన్ రావు ఖాళీ రంగు డబ్బాను తీసి మొగిలి చేతిలో పెట్టాడు.

"సముద్రంల చెట్టు మరీ చిన్నగుందిరా. జర పెద్దగెయ్యి."

"సముద్రంల గంత పెద్ద చెట్టా సార్? జనం అడిగితే?"

"వరదకు కొట్కచ్చిందని చెప్పు."