బెల్లం కొట్టు, తిప్పమ్మ చేయి

హిందూపురం పెద్దబజారులో ఆ కట్టడాన్ని ఇప్పటికీ బెల్లం కొట్టు అనే అంటారు. నిజానికి అందులో బెల్లం అమ్మింది నాలుగేళ్లే. తర్వాత పట్టుచీరలు అమ్మారు, ఆ తర్వాత కాఫీ కాచారు. బజారు నోట ఒకసారి పడ్డ పేరు అంత తేలిగ్గా ఊడదు. రాతి పునాది, ముందు జగిలి అనే విశాలమైన అరుగు, పొద్దున్నే ఒక్కొక్కటిగా తీసి లోపల పెట్టుకునే చెక్క పలకల తలుపు. ఆ జగిలి ఎడమ చివర స్తంభానికి ఆనుకుని తిప్పమ్మ పూలగంప పెట్టుకుని కూర్చునేది.

తిప్పమ్మది పెనుకొండ పక్క పల్లె. అన్న తోటలో కోసిన కనకాంబరాలు, మల్లెలు గంపకెత్తుకుని తెల్లవారుజాము ప్యాసింజరులో వచ్చేది. బండిలోనే సగం దండలు కట్టేసేది. యాభై రెండులో కొత్తగా వచ్చినప్పుడు ఎవరి ముందు కూర్చున్నా వాళ్లు లేవగొట్టారు. బెల్లం రంగప్పసెట్టి ఒక్కడే, "ఆ మూలకు కూర్చోమ్మా, దోవకు అడ్డం లేకుండా" అన్నాడు. అదే ఆమె చోటయింది.

ఒకనాడు సెట్టి వాడికగా తెప్పించుకునే పూలవాడు రాలేదు. దేవుడి పటానికి పూలు లేకుండా పలకలు తీయడం ఆయనకు ఇష్టం లేదు. తిప్పమ్మ దగ్గర ఒక మూర కొన్నాడు. సెట్టి తాళంచెవి కోసం మొలలో వెతుక్కుంటుంటే ఆమే ఒక పువ్వు తుంచి తాళం కప్పకు గుచ్చింది. ఆరోజు బెంగుళూరు వ్యాపారి ఒకడు వచ్చి ఇరవై బండ్ల బెల్లం ఒక్కసారే ఎత్తుకుపోయాడు.

సెట్టి సాయంత్రం బయటికొచ్చి ఆమెను కొత్తగా చూసినట్టు చూశాడు.

"తిప్పమ్మా, నీ చేయి మంచిదే. రేపట్నుంచి నువ్వు తాళానికి పువ్వు పెట్టినాకనే నేను కొట్టు తెరిచేది."

"నా చేతిలో ఏముండాది సామీ, పూల వాసన తప్ప?" అని నవ్వింది తిప్పమ్మ.

బోణీ సంగతి తెలియని వాళ్లెవరు? పొద్దున్నే మొదట కొన్నవాడి చేయి మంచిదైతే ఆరోజంతా బేరాలు సాగుతాయని బజారు నమ్మకం. మంచి చేయి ఉందని పేరుపడ్డవాడిని పిలిచి మరీ ఏదో ఒకటి కొనిపిస్తారు. సెట్టి ఆ నమ్మకాన్ని పట్టుకుపోయి తిప్పమ్మ చేతికి తగిలించాడు. అందులో తిరకాసు ఎక్కడుందో అప్పుడెవరూ ఆలోచించలేదు, తిప్పమ్మ అసలే ఆలోచించలేదు. ప్యాసింజరు గంట ఆలస్యమైన రోజున సెట్టి మూసిన కొట్టు ముందు, తన జగిలి మీద తానే చుట్టపు చూపుగా వచ్చినవాడిలా కూర్చునేవాడు. బెల్లం కోసం వచ్చినవాళ్లూ ఆయన పక్కనే కూర్చుని స్టేషను వైపు చూసేవారు. ఎంత వెర్రో!

నాలుగేళ్లలో సెట్టి పట్టిందల్లా బంగారమయింది. స్టేషను దగ్గర పెద్ద మండీ కట్టించుకుని వెళ్లిపోయాడు. తననూ రమ్మంటాడని తిప్పమ్మ అనుకుంది. ఆయన రమ్మనలేదు. మంచి చేయిని వదిలి ఎవరైనా పోతారా, లేక అంత పెద్దవాడయ్యాక చేయితో పని ఉండదా? ఆరోజు పెనుకొండ దాకా బండిలో అదే ఆలోచన. తేలలేదు.

పోతూ పోతూ సెట్టి ఒక మేలు మాత్రం చేశాడు. కొట్టు తీసుకున్న ధర్మవరం లక్ష్మీనారాయణకు, "ఈమెను కదిలించొద్దప్పా, చేయి మంచిది" అని చెప్పి వెళ్లాడు. లక్ష్మీనారాయణ పట్టుచీరల అంగడి పెట్టాడు. నెమ్మదస్తుడు. పొద్దున్నే తిప్పమ్మ దగ్గర రెండు మూరలు కొని, ఆమె చేత తాళానికి పువ్వు పెట్టించి, కళ్లకద్దుకుని తెరిచేవాడు. తెరిచి ఈగలు తోలుకునేవాడు. హిందూపురంలో పెళ్లి కుదిరితే ఆడవాళ్లంతా రైలెక్కి ధర్మవరమే పోయి, మగ్గం ఉన్న ఇంటి ముందు కూర్చుని, ఇల్లంతా చీరలు పరిపించుకుని మరీ కొనేవారు. ఆ సరదా వదులుకుని బజారులో ఎవరు కొంటారు? ఇది పసిపిల్లకైనా తెలుసు. కానీ బజారుకు కారణాలు అక్కర్లేదు, మనిషి కావాలి.

రెండున్నరేళ్లకు అంగడి మూసేసిన రోజున లక్ష్మీనారాయణ భార్య యశోదమ్మ జగిలి దిగుతూ అందరికీ వినపడేలా అంది: "ఆ చేయి తాళం మీద పడినప్పట్నుంచీ మాకిదే గతి."

తిప్పమ్మ లక్ష్మీనారాయణ వైపు చూసింది, కాదని ఒక్క మాట అంటాడేమోనని. ఆయన తల వంచుకుని వెళ్లిపోయాడు.

ఆనాటి నుంచి బజారు రెండుగా చీలింది. ఎదురు వరుసలో అరటిపండ్లు అమ్మే పుల్లమ్మ ఆమె తరఫున గొడవకు దిగేది. "నాలుగేండ్లు మంచిదైన చేయి రాత్రికి రాత్రే చెడిపోతాదా? అదేమన్నా నా అరటిపండా?" మిగిలినవాళ్లు చెవులు కొరుక్కునేవారు. పొద్దున్నే మల్లెలు కొనడానికి వచ్చిన ఆడవాళ్లు గంప దాకా వచ్చి, "మళ్లీ వస్తాలే" అని జారుకునేవారు. మధ్యాహ్నానికి పూలు వాడేవి. ఆ చోటు పోతే ఆమెకు బజారులో ఇంకొక చోటు లేదు. అలాంటి చేయి ఉన్న మనిషిని ఏ కొట్టు ముందు కూర్చోనిస్తారు?

యాభై తొమ్మిదిలో గంగాధర అక్కడ కాఫీ హోటలు పెట్టాడు. తెరిచే ముందురోజు వచ్చి నీళ్లు నమిలాడు.

"ఏమనుకోవద్దమ్మా. రేపు మాత్రం ఎదురు వరుసలో కూర్చో."

కూర్చుంది. హోటలు కిటకిటలాడింది. పుల్లమ్మ పక్కన కూర్చుని ఆ జనాన్ని చూస్తుంటే తిప్పమ్మకు ఏడుపొచ్చింది. నిజమేనన్నమాట, తన చేయి చెడ్డదే. నెల తిరక్కుండా వంటవాడు చెప్పాపెట్టకుండా పోయాడు, కాఫీ కుడితి నీళ్లయింది, జనం తగ్గారు. గంగాధర బజారు దాటి వచ్చి, "నువ్వు లేకనే ఇట్లయింది, రామ్మా" అన్నాడు. గంప ఎత్తుకుని వెళ్లింది. అదే వారంలో కొత్త వంటవాడు దొరికాడు, హోటలు లేచింది. అది వంటవాడి చలవో, ఆమె చలవో తెలియక గంగాధర ఇద్దరికీ దండం పెట్టేవాడు. మళ్లీ బేరాలు పడిపోతే మళ్లీ ఎదురుగ్గా పొమ్మనేవాడు. నాలుగేళ్లలో తిప్పమ్మ గంపతో ఎనిమిదిసార్లు బజారు దాటింది.

ఆమె మనసు ఏ గట్టునా నిలవలేదు. మంచిదంటే ఒకరోజు మురిసిపోయేది, చెడ్డదంటే రెండురోజులు అన్నం సయించేది కాదు. ఒకసారి కూతురు చౌడక్క ఇంట్లో మనవడికి ముద్ద కలిపి నోటి దాకా తీసుకెళ్లి ఆగిపోయింది. "నువ్వే పెట్టుకోవే" అని పళ్లెం కూతురి ముందుకు తోసింది. చౌడక్కకు అర్థం కాలేదు. తిప్పమ్మ లేచి చేయి కడుక్కుంది.

చివరికి గంగాధర హోటలు మూసి బెంగుళూరు దారి పట్టాడు. అరవై నాలుగులో చెన్నేకొత్తపల్లి నుంచి హనుమంతు అనే యువకుడు వచ్చాడు. సేద్యం చేసే ఇంటివాడు, నాగలి కర్రులూ పారలూ అమ్మే అంగడి పెట్టాలని. కొట్టు చూడ్డానికి వచ్చిన రోజునే బజారు అతని ఒక చెవిలో మంచి చేయి అనీ, రెండో చెవిలో చెడ్డ చేయి అనీ ఊదింది. పాపం, అతను తల పట్టుకుని నేరుగా ఆమె దగ్గరికే వచ్చి గంప ముందు గొంతుక్కూర్చున్నాడు.

"అక్కా, సగం మంది నిన్ను కూర్చోబెట్టుకోమంటారు, సగం మంది లేపమంటారు. నేను ఏం చేసేది? నీ చేయి మంచిదా, చెడ్డదా? నువ్వే చెప్పు."

పన్నెండేళ్లలో ఆ మాట ఆమెను ఎవరూ అడగలేదు. మంచిదంటే చోటు దక్కుతుంది. కానీ రేపు అతని అంగడి కూలితే? తిప్పమ్మ చేతిలోని దారం పక్కన పెట్టింది.

"నాకు తెలీదు నాయనా. దినామూ తలకాయ పగిలేటట్టు ఆలోచిస్తాండా. పొద్దున్నే వాళ్లు నా తావ పూలు కొంటిరి. కొనింది వాళ్లు, అమ్మింది నేను. అంటే ఆ బోణీ నాది గదా? చూడాల్సింది వాళ్ల చేయి గదా? రంగప్పసెట్టి దినామూ బోణీ చేస్తాండంగనే నా మొగుడు ఎర్రప్ప జరమొచ్చి పాయ. ధర్మవరమాయప్ప అంగడి మూతపడిన ఏడే, ఎనిమిదేండ్లుగా బిడ్డల్లేని నా కూతురికి కొడుకు పుట్టె. ఇంగ ఎవురి చేయి మంచిది, ఎవురిది చెడ్డది? నాకేం తెలుస్తాదబ్బా? నువ్వు లెయ్యమంటే లేస్తా."

హనుమంతు ఆమె చేయి చూశాడు. తన చేయి తిప్పి చూసుకున్నాడు.

"అట్లయితే నేను పొద్దున్నే నీ తావ మొదట కొననక్కా" అన్నాడు. "నా చేయి ఎట్లాటిదో నాకే తెలీదు. నా వల్ల నీకేమన్నా అయితే? ఇంకెవురన్నా కొన్నాక రెండు మూరలు నాకియ్యి. నువ్వు మాత్రం ఈడే కూర్చో."

అతను లేచి పలకలు తీయడానికి పోయాడు. తిప్పమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది, ఆగలేదు, బజారు మధ్యలో పైకే ఏడ్చేసింది. పుల్లమ్మ పండ్లు వదిలేసి పరుగెత్తుకొచ్చింది.

"ఏమైందే? లేసి పొమ్మన్నాడా?"

"లేదే. కూర్చోమన్నాడు."

"మరి ఏడుస్తాండావు ఏల?"

"వాని చేయి వల్ల నాకేమన్నా అయితాదేమోనని భయపడినాడే" అంది తిప్పమ్మ. మళ్లీ ఏడ్చింది.