ఒక్కరికే అతికే మాట

లచ్చవ్వ పోయింది ఒక గురువారం, పొద్దున పదిన్నరకు. మొన్న కామారెడ్డిలో ఎల్లారెడ్డి బస్సెక్కితే పక్క సీటామె ఒళ్లోని గంప నుంచి తడిపిన బీడీ ఆకు వాసన వచ్చింది. ఆ వాసనకు నాకు లచ్చవ్వే గుర్తొస్తుంది. ఎల్లారెడ్డిలో మా ఇంటికి రెండిండ్ల అవతల ఉండేది. ఇరవై ఏండ్లు ఒకే అరుగు మీద కూర్చొని బీడీలు చుట్టాం. చుట్టరికం లేదు. నాకంటే పెద్దది కనుక అక్కా అనేదాన్ని.

మా వైపు మనిషి పోతే ఆడవాళ్లు శవం పక్కన కూర్చొని, రాగం తీసి, మాటలు కట్టి ఏడుస్తారు. అందరూ బంగారమంటారు, దేవుడంటారు. లచ్చవ్వ అలా అనేది కాదు. ఆమె అనేది ఒక్క మాటే, అది ఆ పోయిన మనిషికి తప్ప ఇంకొకరికి అతికేది కాదు. ఎవరింట్లో పెండ్లయినా వంటకు పోయే రాజవ్వ చనిపోయిన రోజు, "అందరి ఆకలి తెలిసినదానివి, నీ ఆకలి ఎవలికి చెప్పుకున్నవే రాజవ్వా" అంది. పాడె కట్టే సంగతి మాట్లాడుకుంటున్న మగవాళ్లు మాట ఆపేశారు. బియ్యం డబ్బాకు కూడా తాళం వేసే ఒక పెద్దాయన పోతే, "తాళంచెవులు మొలతాడుకే ఉంచుకొని పోతున్నవ్ బాపూ, అక్కడ తలుపులున్నయో లేవో అడిగినవా" అంది. ఆయన కొడుకు తువ్వాల నోట్లో కుక్కుకున్నాడు. ఏడుపో నవ్వో నేను అడగలేదు.

ఆ మాటలు ఎట్లా దొరుకుతాయని ఒకరోజు ఆకు కత్తిరిస్తూ అడిగాను. చెయ్యి ఆపకుండానే చెప్పింది. "ముందుగాల గొప్పలన్ని తీసెయ్. ఎవలికైనా అతికేది తీసెయ్. గప్పుడు ఏం మిగుల్తదో గదే ఆ మనిషి."

ఏమీ మిగలకపోతే ఎట్లా అన్నాను.

"గప్పుడు నోరు మూసుకొని ఏడ్వు."

నలభై ఆరేండ్లకు, పగటిపూట నడిచే వయోజనుల బడిలో నేను అక్షరాలు నేర్చుకున్నాను. నేర్చుకున్నాక చేసిన మొదటి పని లచ్చవ్వ మాటలు నోటుబుక్కులో రాయడం. ఘనకార్యం చేశాననుకొని చదివి వినిపించాను. ఆమె మెచ్చుకోలేదు. అవి పోయినవాళ్లవని, ఒకరికన్న మాట తెచ్చి ఇంకొకరికి అతికిస్తే చెల్లదని అంది. ఆకు మీద నీళ్లు చల్లుతూ, "నేను పోయిననాడు నువ్వే ఏడ్వాలె. కాయితం పట్టుకొని రాకు. ఒక్క మాట చాలు" అంది. అలా మాట కట్టేది మా వాడలో ఆమె ఒక్కతే. ఆమెకు కట్టేవాళ్లు లేరు. సరే అన్నాను.

ఆ ఒక్క మాట కోసం మూడేండ్లు రాశాను. నోటుబుక్కు నిండింది. అన్నీ గొప్పలే. ఆ సంగతి నాకు తెలుసు. చదివితే బాగున్నాయని కొట్టెయ్యలేదు.

ఆ గురువారం కాయితం తీసుకుపోలేదు. కంఠస్థం చేసుకొని పోయాను, అదీ మోసమే. నాట్ల రోజులు, జనం పొలాల్లో ఉన్నారు. శవం పక్కన కూర్చొని "బంగారమసొంటి అక్కా" అని ఎత్తుకున్నాను. నా చెవికే అది ఎవరి ఏడుపో అనిపించింది. ఆగిపోయాను. పక్కింటి మరియమ్మ మోచేత్తో పొడిచి, "ఆగిపోతివేందే, అను" అంది. కంఠస్థం చేసిందంతా నోటిదాకా వచ్చింది, అనబుద్ధి కాలేదు. లచ్చవ్వ ముఖం చూశాను. ఇట్లాంటి చోట ఆమె ఉండి, ఆ నోరు కదలకపోవడం నేనెన్నడూ చూడలేదు.

"ఊరందరికి మాట కట్టినవ్ అక్కా. నీకొక్కటి దాచుకోకపోతివి."

రాగం కూడా తీయలేదు. పొద్దటి నుంచి కన్నీరు పెట్టకుండా గోడకానుకొని నిలబడిన ఆమె బిడ్డ సుజాత కూలబడి ఏడ్చింది. నా మాట అతికిందో లేదో చెప్పగలిగిన మనిషి లచ్చవ్వ ఒక్కతే, ఆమె చెప్పలేదు.

ఇప్పటికీ ఏది రాసినా ముందు గొప్పలు కొట్టేస్తాను. ఇందులో నాలుగు కొట్టేశాను.

ఆ రోజు అక్కడున్నది సుజాత, అల్లుడు నర్సింలు, మరియమ్మ, లింగంపేట నుంచి వచ్చిన చెల్లెలు సాయవ్వ, పిట్లం నుంచి వచ్చిన మరిది గంగారాం, నేను. లచ్చవ్వ.