నిప్పులో కాలని గుల్ల

నోరు జారడం నాకు చిన్నప్పటి నుంచీ అలవాటే. ఆంధ్ర రాష్ట్రం వచ్చిన మరుసటేడు, ఏలూరులో బీఎస్సీ చదువుతూ వేసవి సెలవులకి కొల్లేటి ఒడ్డున మా ఊరు వెళ్ళినప్పుడు, మా నాయనమ్మ దగ్గర నోరు జారాను. దేవరపల్లి వైపు ఒక నల్లరాతి కొండ ఉందనీ, ఆ రాయంతా ఒకప్పుడు నేలలోంచి పొంగుకొచ్చిన నిప్పనీ, దాని నడుమ ఒక పొర నిండా గుల్లలున్నాయనీ, మార్చిలో మా జియాలజీ మాస్టారు తీసుకెళ్ళి చూపించారనీ గొప్పగా చెప్పాను.

చెప్పింది ఎవరితో? కొల్లేట్లో నడుంలోతు నీళ్ళలోకి దిగి, బురదలో పాదాలతో తడిమి గుల్లలు ఏరి, వాటిని బట్టీలో కాల్చి, ఆ సున్నం అమ్మి ఇల్లు నడిపిన మనిషితో. ఆవిడ వక్క దంచడం ఆపింది.

"గుల్లల మీద నిప్పు పడిందా?"

"పడింది. పైనుంచి కప్పేసింది."

"నిప్పు పడితే గుల్ల సున్నం అయిపోద్ది కదరా. గుల్లగా ఎలా మిగులుద్ది?"

లోపలికెళ్ళి నోట్సు తిరగేశాను. అందులో జవాబు లేదు. కాలేజీ తెరిచాక మాస్టారిని అడగాలని రెండు మూడు సార్లు లేచి నిలబడబోయి, క్లాసంతా నవ్వుతుందేమోనని మళ్ళీ కూర్చున్నాను.

దసరా సెలవులకి వెళ్ళేసరికి నాయనమ్మ ఒక నిర్ణయానికి వచ్చేసింది. కాలేజీలో అబద్ధాలు నేర్పుతున్నారు. మా నాన్న ఆవిడ మాట దాటేవాడు కాదు, అంచేత ఆవిడ నిర్ణయమంటే ఇంటి నిర్ణయమే. "ఆ గుల్లలు నాకు చూపించు. చూపించావా, చదువుకో. లేదా, బట్టీకాడికి వచ్చెయ్. ఆకు కూడా వేసుకుందువుగాని," అంది.

ఆకు సంగతి చెప్పాలి. మా ఇంట్లో చదువుకునే పిల్లలకి తాంబూలం ఇవ్వరు. నాలుక మొద్దుబారి చదువు రాదంటారు. బట్టీ పనిలో చేరిన నా ఈడువాళ్ళందరూ నోళ్ళు ఎర్రగా పండించుకుని తిరుగుతుంటే, నాకు అసూయతో ఒళ్ళు మండేది. ఆ రోజు నుంచి మాత్రం ఎవరైనా ఆకు పేరెత్తితే అక్కణ్ణుంచి లేచిపోయేవాణ్ణి.

ఇద్దరం రైల్లో తాడేపల్లిగూడెం వెళ్ళి, అక్కడ బస్సెక్కి కొండ దగ్గర దిగాం. కొండంటే నాయనమ్మకి ద్వారకా తిరుమల ఒక్కటే. కింద నిలబడి అటూ ఇటూ చూసి, "మెట్లేవిరా?" అంది. లేవన్నాను. చీర కుచ్చెళ్ళు ఎగదోపుకుంది.

పక్కనే ఒకాయన రాళ్ళు కొడుతున్నాడు. "ఏవండీ, ఇక్కడ గుల్లల పొర ఎటుందండీ?" అని అడిగాను.

"గుల్లలాండీ? ఇక్కడ రాయి తప్ప ఏవీ ఉండదండీ. గుల్లలు కావాలంటే కొల్లేరెళ్ళాలండీ."

నాయనమ్మ నా వంక ఒకసారి చూసి, కొండెక్కడం మొదలుపెట్టింది. ఏదైనా అంటే బాగుండేది.

కొండ చిన్నదే. ఓపికున్నవాళ్ళకి పావుగంట ఎక్కుడు. కాకపోతే నిటారుగా ఉంటుంది, కాలి కింద రాళ్ళు దొర్లిపోతుంటాయి. మార్చిలో గడ్డి ఎండిపోయి బాట తెల్లగా కనిపించింది. ఇప్పుడు వానలకి గడ్డి నడుం దాకా పెరిగి, ముళ్ళపొదలు బాటని మింగేశాయి. నాకున్న ఆనవాలల్లా మాస్టారు పాఠం చెప్పినచోట ఉన్న ఎర్రపూల మోదుగ చెట్టు. తీరా చూస్తే కొండమీద ఎక్కడా ఒక్క ఎర్రపువ్వు లేదు. అన్నీ పచ్చటి చెట్లే. నేను పల్లపు నేలవాణ్ణి. పువ్వు లేకపోతే మోదుగకీ మరో చెట్టుకీ తేడా తెలీదు. ఇటు అని కాసేపు, కాదు అటు అని కాసేపు ఆవిణ్ణి ముళ్ళలో తిప్పాను. చూసిన బండే మళ్ళీ చూశామో, వేరే బండో కూడా తెలియలేదు. నేను నిజంగానే ఈ కొండకి వచ్చానా అని అనుమానం కూడా వచ్చింది.

అలా తిరుగుతూ తిరుగుతూ పైకి చేరిపోయాం. గుడి గోడలు అడ్డులేకుండా నాయనమ్మ అంత ఎత్తునుంచి నేలని చూడడం అదే మొదలు. పొగాకు చేలు, తాటితోపులు, ఎర్రటి రోడ్డు, దూరంగా తెల్లటి నీటి గీత.

"అది మన కొల్లేరా?"

"కాదు, గోదారి," అన్నాను. సూర్యుడు నడినెత్తిన ఉన్నాడు. ఏది తూర్పో నాకే తెలీదు.

"నీకు తెలిసే చెబుతున్నావా?"

తెలియదని ఒప్పుకున్నాను. ఏడుపొచ్చింది. సగంలో ఆగిపోయే నా చదువు, ఏలూరు హాస్టలు గదిలో నా ట్రంకుపెట్టె, అన్నీ ఒక్కసారే గుర్తొచ్చాయి. "పద, దిగుదాం," అంది ఆవిడ. ఆ గొంతులో కోపం లేదు. అది మరీ భయపెట్టింది.

దిగేటప్పుడు నేను ముందు, ఆవిడ వెనక. సగం దిగాక వెనక అడుగుల చప్పుడు ఆగిపోయింది. తిరిగి చూస్తే నాయనమ్మ ఒంటికాలి మీద నిలబడి, రెండో పాదంతో గడ్డిలో మెల్లగా తడుముతోంది. అచ్చం కొల్లేట్లో నిలబడినట్టే.

"ఇక్కడున్నాయిరా," అంది.

గడ్డి పీకి చూశాం. పైన నల్లరాయి, దాని కింద మాసిన తెల్లటి పొర, పొర నిండా గుల్లలు. నేను కాన్వాసు బూట్లేసుకుని దాని మీద నుంచే నడిచి వెళ్ళిపోయాను. ఆవిడ ఒక గుల్లని ఊడదీసి, కొంగుతో తుడిచి, నాలుకకి ఆనించుకుని, చాలాసేపు అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇది మన కొల్లేటిది కాదు. ఉప్పుటేరు సముద్రంలో కలిసేకాడ ఉండే రకం."

ఇక్కడ ఒకప్పుడు ఏరు సముద్రంలో కలిసేదని మాస్టారు చెప్పారు. కింద గీత గీసి మరీ రాసుకున్నాను. అది నాకు అర్థమయింది మాత్రం ఆవిడ నోట విన్నప్పుడే.

నాయనమ్మ గుల్ల వంకా, పైనున్న నల్లరాయి వంకా చూస్తూ అక్కడే కూలబడింది. "మరి కాల్లేదేవిట్రా?" అని నన్ను కాదు, ఎవరినో అడిగినట్టు అడిగింది. ఏ విషయంలోనూ తడుముకోని మనిషి అలా దిక్కుతోచకుండా కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు.

"చూశావుగా. మరి నేను చదువుకోవచ్చా?" అన్నాను.

"చూపించింది నువ్వా, నేనా?" అని గుల్లని కొంగున ముడేసుకుంది. గెలిచానో ఓడానో తెలియక దారంతా నలిగిపోయాను.

మర్నాడు ఆ గుల్లని చిన్న మూకుట్లో పెట్టి బట్టీలోకి తోసింది. నా మాటకున్న సాక్ష్యం అదొక్కటే. అది కాలితే ఆవిడ అన్నదే నిజమవుతుంది, కాలకపోతే అది గుల్లే కాదంటుంది. ఎటు కోరుకోవాలో తెలియక బట్టీ చుట్టూ తిరిగాను. ఆ మర్నాడు బయటికి తీసి నీళ్ళు చిలకరిస్తే, బుస్సుమని పొంగి తెల్లటి సున్నమైపోయింది.

మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆవిడ ఆకు తీసి, తొడిమ తుంచి, ఆ సున్నం రాసి, వక్క పెట్టి మడిచింది. మడిచినదాన్ని చేతిలోనే ఉంచుకుంది.

"నా బట్టీలో ఒక్క రోజులో కాలింది. అక్కడ కొండంత నిప్పులో ఎందుకు కాల్లేదు?"

"తెలీదు నాయనమ్మా."

"మీ మాస్టారికి తెలుసా?"

"ఏమో, నేనడగలేదు."

"ఎందుకడగలేదు?"

"అందరూ నవ్వుతారని," అన్నాను. ఆవిడ చెయ్యి నా వైపు కదిలినట్టనిపించింది. ఇంక అయిపోయింది, ఇక బట్టీయే అనుకుని చెయ్యి చాపాను. ఆవిడ నా చేతి మీద ఒక్కటిచ్చి, ఆకు తన నోట్లో పెట్టుకుంది.

"చదువుకునేవాడికి ఆకేవిట్రా," అంది.