మంచులో ట్యాంకు మూత

ఆత్మకూరులో నేను అద్దెకుంటున్న ఇంటి మేడ మీదికి ఎక్కితే సెల్ టవర్లు, చర్చి శిఖరం, నీళ్ల ట్యాంకు అన్నీ కనిపిస్తాయి. చలికాలం పొద్దున్నే మంచు కమ్మి ఇళ్లు మాయమైపోతాయి. ఎత్తుగా ఉన్నవే మిగులుతాయి. నేను పాఠాలు చెప్పే స్కూలుకు బయల్దేరే ముందు ఫోనుతో వాటిని ఫొటోలు తీయడం నాకు అలవాటు.

మొన్న డిసెంబరులో ఓ పొద్దున అలాగే మేడ మీద వెల్లకిలా పడుకుని ఫోను ఎత్తి పట్టుకున్నాను. ఇంటామె బట్టలు ఆరేయడానికి పైకొచ్చింది. అరవై దాటిన మనిషి. మనసులో మాట దాచుకోదు.

“ఏందమ్మాయ్, పడిపోయినావా?”

“లేదు పెద్దమ్మా. ట్యాంకును ఫొటో తీస్తున్నా.”

“దినామూ చూసే ట్యాంకే గదా! దాంట్లో ఏముండాది?”

నాకు సరదా పుట్టింది. ఆమెను పిట్టగోడ దగ్గర నిలబెట్టి, చెయ్యి పైకెత్తి రెండు వేళ్లు దగ్గరికి తెమ్మన్నాను. ఇంకాస్త కిందికి, ఇంకాస్త ఎడమకు అని చెప్పి చెప్పి, చివరికి నేనే పక్కకు జరిగాను. ఫొటో చూపిస్తే ఆమె కళ్లు పెద్దవి చేసింది. దూరంగా ఉన్న ట్యాంకు కప్పును ఆమె వేళ్లు గిన్నె మూతలా పట్టుకున్నట్టుంది. చుట్టూ మంచు ఆవిరిలా లేస్తోంది.

“ఓయమ్మా! మూత తీసి అన్నం ఉడికిందో లేదో చూస్తా ఉండానే!”

వెంటనే నాచేత ఉదయగిరిలో ఉన్న తన చెల్లెలికి పంపించింది. మర్నాడు చెల్లెలి దగ్గర్నుంచి ఇంకో ఫొటో వచ్చింది. ఆమె ఉదయగిరి కొండను అరచేతిలో పెట్టుకోవాలనుకుంది. తీసింది ఆమె భర్త. కొండ చేతిలోకి రాలేదు, చెవిలోంచి మొలిచినట్టుంది. మా ఇంటామె నవ్వలేక మెట్ల మీద కూలబడింది.

“ఆదివారం పోదాం పా. నాకు తీసినట్టే దానికీ తీయాల నువ్వు.”

ఆదివారం మొదటి బస్సుకే వెళ్లాం. తీరా చూస్తే అక్కడ కొండే లేదు. అంతా తెల్లగా ఉంది. చెల్లెలి మేడ మీద రెండు సార్లు టీలు తాగాక మంచు మెల్లగా విడిపోయి కొండ, దాని మీది కోట గోడ బయటపడ్డాయి. చెల్లెలు అరచెయ్యి చాపింది. నేను గోడకు ఆనుకుని కింద కూర్చున్నాను. కొండ సరిగ్గా చేతి మీదికి వచ్చేసరికి ఆమె చెయ్యి కిందికి వాలిపోసాగింది.

“త్వరగా తీయమ్మా, బరువుగా ఉండాది!” అంది, నిజంగానే మోస్తున్నట్టు.

అక్క పరుగున పోయి చెల్లెలి మోచేతి కింద తన చెయ్యి పెట్టింది. అదే క్షణంలో నా వేలు బటన్ నొక్కేసింది. అక్క తల సగమే పడింది, కొంగు ఫొటోకు అడ్డంగా వచ్చింది. మళ్లీ తీస్తానన్నాను. చెల్లెలు ఒప్పుకోలేదు.

“ఇదే బాగుండాది. అక్క ఒచ్చి పట్టుకున్నట్టు తెలస్తాది.”

మధ్యాహ్నం వాళ్లింట్లోనే కోడి కూరతో అన్నం తిన్నాం. తిరుగు బస్సులో ఇంటామె నా ఫోను లాక్కుని, పక్క సీటామెకు ఆ ఫొటో చూపించి మొదటినుంచీ కథంతా చెప్పింది. నేను కిటికీ పక్కన కూర్చుని హాయిగా వింటూ వచ్చాను.