ఒకవేళ మేడమ్ అడగని ప్రశ్న

మా ఆఫీసులో భద్రత పరీక్షించే ఆవిడకు ఒకటే జబ్బు. ఏం చెప్పినా "ఒకవేళ..." అని మొదలుపెట్టేవారు. ఆవిడతో లిఫ్టు ఎక్కామా, "ఒకవేళ మధ్యలో ఆగిపోతే?" అనేవారు. తర్వాతి అంతస్తులో లిఫ్టంతా ఖాళీ! అందుకే చాటుగా అందరూ ఒకవేళ మేడమ్ అని పిలిచేవాళ్లు. ఆ సంగతి తెలిసి ఆవిడ, "పోనీలే, ఒకవేళ ఇంతకన్నా ఘోరమైన పేరు పెట్టి ఉంటే?" అని సంతోషించారు.

మేము తయారుచేసేది ఆసుపత్రుల్లో పసిపిల్లలకు చుక్కచుక్కగా మందు ఎక్కించే పంపు. దాన్ని నడిపే ప్రోగ్రామును కొత్త ప్రోగ్రామింగ్ భాషలో రాద్దామని పట్టుబట్టింది నేను. ప్రాణాలతో ముడిపడిన పనికి ఆ భాష పనికొస్తుందో లేదో తేల్చాల్సింది ఆవిడ. అక్కడ మొదలైంది నా ఖర్మ.

"పాత భాషలో లెక్క తప్పితే కిక్కురుమనకుండా తప్పు అంకెతోనే నడిచిపోతుంది మేడమ్. ఇదైతే టక్కున ఆగిపోతుంది," అన్నాను గర్వంగా.

"ఒకవేళ మందు సగం ఎక్కాక ఆగితే?"

వెళ్లి, ప్రోగ్రాము ఆగినా పంపును అందుకుని నడిపే చిన్న కాపలా యంత్రం తయారుచేశాను.

"ఒకవేళ కాపలాదే నిద్రపోతే?"

అది పలక్కపోతే నర్సుకు వినబడేలా అలారం పెట్టాను.

"నువ్వు రాసింది యంత్రం భాషలోకి మార్చేది కంపైలరే కదా. ఒకవేళ అదే తప్పుగా మారిస్తే?"

"ఒకవేళ నాకు పిచ్చెక్కితే?" అని అరిచాను.

ఆవిడ తాపీగా ఆలోచించారు. "మంచి ప్రశ్న. నీ పని ఇంకొకరికి కూడా నేర్పించు."

ఇంటికెళ్లి అమ్మ దగ్గర మొత్తుకున్నాను.

"అంత బాధైతే ఉద్యోగం మానెయ్యవే," అంది అమ్మ.

"ఒకవేళ ఇంకోటి దొరక్కపోతే?" అనేసి నాలుక కరుచుకున్నాను. అంటుకుంది!

కంపైలరు మార్చిన ప్రతి ముక్కనూ విడిగా పరీక్షించి చూపించాక, చివరికి డైరెక్టరు ముందు మీటింగు పెట్టారు. ఆసుపత్రి డాక్టర్లూ వచ్చారు. వాళ్లు అడిగిన ప్రతి ప్రశ్నతోనూ మేడమ్ అప్పటికే నా ప్రాణం తోడేసి ఉన్నారు. గడగడా జవాబులు చెప్పేశాను. డైరెక్టరు మాత్రం కుర్చీలో వెనక్కి వాలి, "అంతా బాగానే ఉంది. రేపు ఏ పిల్లాడికైనా ఏదైనా అయితే ఎవర్నడగాలి? కొత్త భాష అంటూ తెచ్చింది ఈ అమ్మాయే కదా!" అన్నారు.

నేను గబగబా నా కాగితాలు తిరగేశాను.

"నన్నడగండి," అన్నారు మేడమ్. "నేను అడిగినవాటన్నిటికీ ఈ అమ్మాయి జవాబు చూపించింది. నేను అడగనిది ఏదైనా మిగిలిపోతే ఆ తప్పు నాది, తనది కాదు. ఈ భాష ఈ పంపుకు పనికొస్తుంది. నా పేరు మీద రాసుకోండి."

డాక్టర్లు ఒకరి మొహం ఒకరు చూసుకుని సరేనన్నారు. డైరెక్టరు మేడమ్ పేరు రాసుకున్నారు.

అందరూ వెళ్లాక, "అంత ధైర్యంగా ఎలా చెప్పారు మేడమ్?" అన్నాను.

"ధైర్యమా నా మొహమా! కాళ్లు ఎంత వణికాయో తెలుసా? కూర్చునే మాట్లాడింది అందుకే. ముందు నన్ను లేపు తల్లీ, ఆకలేస్తోంది," అని చెయ్యి చాపారు.